కాటుక వట్టిపోయేలోగా

ఈ వారం కూడా పసుపు పలచబడింది.

పాల పరిశోధన కేంద్రంలో షంషాద్ మేడం ప్లేటును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ పలక అది. దాని నిండా శనగగింజ పట్టేంత గుంటలు. ఒక్కో గుంటలో ఒక్కో బర్రె పాలు, మీగడ తీసేసి పలచన చేసి పోసినవి. గుంట అడుగున ముందే ఒక పూత పూసి ఉంటుంది. మేడం వాళ్లు వెతికే ప్రొటీన్ పాలలో ఉంటే ఆ పూతను కరుచుకుని ఉండిపోతుంది, లేకపోతే కడిగిన నీళ్లతో పాటు పోతుంది. చివర్న రంగు మందు వేస్తే కరుచుకున్న చోట పసుపు తేలుతుంది. ఎంత ప్రొటీన్ ఉంటే అంత ముదురు.

మా బర్రె కాటుక గుంట మొదట్లో పసుపుకొమ్ము అరగదీసినట్టుండేది. ఇప్పుడు నిమ్మకాయ పిండిన నీళ్లలాగా ఉంది.

"ఇంకెన్నాళ్లు మేడం?" అని అడిగాను.

"చెప్పలేను కోటేశ్వరీ. మళ్లీ చూడి కట్టింది కదా. పాలు తగ్గేకొద్దీ ఇదీ తగ్గుతుంది. కాటుక వట్టిపోయేలోగా పాప మీ చేతి ముద్ద తినడం నేర్చుకోవాలి. అంతకుమించి నేనేం చెప్పలేను."

"కనిగిరి వైపు బాబు ఎట్టున్నాడు?"

ఆమె చేతి తొడుగులు తీసి చెత్తడబ్బాలో వేశారు. "ముక్కులోంచి గొట్టం వేశారు. దాంతోనే పోస్తున్నారు. వాళ్ల బర్రె వట్టిపోయినప్పటి నుంచి తల్లి ఏది పెట్టినా మింగడం లేదు."

నా చంకలో ఉన్న హన్విక ఇవేమీ పట్టనట్టు కిటికీలోంచి బయటికి చూస్తోంది. బయట పరీక్షలకు తెచ్చిన బర్రెలను కట్టేసే పాక ఉంది. ఇంట్లో ఉన్నా అంతే, ఎక్కడ పాక ఉంటే అటే దాని చూపు. నేను ఎత్తుకుంటే నా భుజం మీదుగా చూస్తుంది, ఒళ్లో పడుకోబెట్టుకుంటే నా మోచేతి పక్కనుంచి చూస్తుంది. నా మొహం దానికి అడ్డం, అంతే.

*

కాన్పయిన కొద్దిరోజులకే నాకు జ్వరం తగిలి పాలు ఎండిపోయాయి. డబ్బా పాలు పోస్తే పిల్లకు విరేచనాలు. గుప్పెడు ఎముకలైపోయింది. ఆ గోలలో ఉండగానే పాల పరిశోధన కేంద్రం వాళ్లు మా ఊరికి వచ్చారు. మీ బిడ్డకే సరిపడే పాలు మీ బర్రె చేతే ఇప్పిస్తామన్నారు.

దూడ కుడిచేటప్పుడు దాని ఎంగిలి కొంచెం చనుమొనలోంచి వెనక్కి పోతుందట. ఆ ఎంగిలి రుచిని బట్టి తల్లి ఒళ్లు ఆ దూడకు కావలసింది తయారుచేసి పాలలో కలుపుతుందట. తాగిన దూడ కుదురుగా పడుకుంటుంది కాబట్టి ఆ కలిపేదానికి జోల ప్రొటీన్ అని వాళ్లే పేరు పెట్టుకున్నారు. ప్రొటీన్లను నేను తొమ్మిదో తరగతిలో మాంసకృత్తులు అని చదివాను. నా చదువు ఇంచుమించు ఆ పాఠం దగ్గరే ఆగింది. మేడం వాళ్లు కనిపెట్టింది ఏమిటంటే, దూడ ఎంగిలి బదులు బిడ్డ ఎంగిలితో కూడా బర్రెను నమ్మించవచ్చని. హన్విక నోట్లో దూది తిప్పి తీసుకెళ్లి, దాంతో జిగురులాంటి మందొకటి చేసి ఇచ్చారు. పాలు పితికే ముందు కాటుక చన్నులకు రాయాలి. బర్రె మోసపోతుంది, బిడ్డ బాగుపడుతుంది.

నిజంగానే బాగుపడింది. బుగ్గలు వచ్చాయి. ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. దాని పక్కన నేనూ నిద్రపోయాను. ఆ రోజుల్లో ఎంత సంతోషపడ్డానో తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. మోసపోయేది బర్రె ఒక్కటే అనుకున్నాం అందరం.

ముందు కాటుక మారింది. హన్విక ఇంట్లో ఏడిస్తే పాకలో దాని పొదుగు చేపేది. ఎవరూ చేయి వేయకుండానే పాలు ధారలుగా కారిపోయేవి. నోరు తెరవకుండా, గొంతు అడుగు నుంచి సన్నగా, దూడను పిలిచినట్టు పిలిచేది. తర్వాత పిల్ల మారింది. గుక్కపట్టి ఏడుస్తున్నది కూడా ఆ పిలుపు వింటే ఠక్కున ఆగి అటు తల తిప్పేది. పాలసీసా కాటుక పక్కన కూర్చుని పడితే తాగేది, ఇంట్లో పడితే పెదాలు బిగించేది.

అన్నప్రాసన నాడు చాప మీద పుస్తకం, పెన్ను, నా మెళ్లో గొలుసు, కత్తిపీట బదులు చిన్న చాకు, అన్నీ వరసగా పెట్టాం. ఏది పట్టుకుంటుందా అని బంధువులంతా చుట్టూ కూర్చున్నారు. అది అన్నింటినీ దాటుకుని పాక్కుంటూ గడప దాకా వెళ్లి, పాక వైపు చేతులు చాపి ఏడ్చింది.

"ఓయబ్బో, డైరీ ఫారం పెట్టుద్దిరా నీ కూతురు," అని మా ఆయనను చూసి అందరూ నవ్వారు. మా ఆయన మాలకొండయ్య పాలక్యాన్ల ఆటో తోలతాడు. ఆయన కూడా నవ్వాడు. నాలుక మీద పెట్టిన పాయసం చుబుకం మీదికి జారి ఎండిపోతుంటే నేను తుడుస్తూ కూర్చున్నాను.

*

"తిను బంగారం. ఇదిగో కాకమ్మకి పెట్టేస్తా. కాకమ్మా, రావే, మా హన్వి తినదంట."

మెత్తగా పిసికిన పప్పన్నం పెదవుల దాకా తీసుకెళ్లాను. అది మొహం తిప్పుకుంది. ఇంకోవైపు నుంచి పెట్టాను. తు అని ఊసింది. ముద్ద నా చీర మీద పడింది.

మా అత్త రవణమ్మ గడప మీద కూర్చుని కాటుకకు వేసే జనుము తుంచుతోంది. "పాకలోకి తీసకపోయి పెట్టరాదా. నీకెందుకమ్మే ఆ పంతం?"

"పాకలో కూడా పాలే తాగుద్దిగానీ అన్నం తినదు గదత్తా. రేపు కాటుక వట్టిపోతే ఏం చేద్దాం?"

"వట్టిపోతే ఇంకో బర్రెని తెచ్చుకుంటాం."

"ఇంకో బర్రె దీని తల్లి గాదుగా."

నోట్లోంచి వచ్చేశాక గాని ఏమన్నానో నాకే తెలియలేదు. బయటికి వెళ్లబోతూ చెప్పులు తొడుక్కుంటున్న మాలకొండయ్య ఒక కాలికి చెప్పుతో అట్లాగే నిలబడిపోయాడు.

"ఆ సెంటర్లో పెద్దసారు సూదిమందు ఉందన్నాడు," అన్నాడు. "పాలు ఆగకుండా పొడిగిచ్చేదంట. ఏయిచ్చుకుందాం."

"చూడి బర్రెకి ఏస్తే కడుపులో దూడ నిలవదంట. మేడం చెప్పింది."

"మన పిల్ల కంటే ఎక్కువా దూడ?"

"అది కాదు బావా. ఏయించి ఎన్నాళ్లు పితుకుతావు? దీని పెళ్లి దాకానా? అత్తగారింటికి బర్రెని తోలిపెడతావా?"

నవ్వు రావలసిన మాటే, ఎవరికీ రాలేదు. పాకలోంచి కాటుక గొంతు వినిపించింది. హన్విక కాళ్లు ఆడించింది. చుబుకం మీద పప్పు మెతుకులతో, నా ఒళ్లోనే, ఎవరికోసమో నవ్వింది.

*

తర్వాతి వారం శాంపిల్ ఇవ్వడానికి అత్త కూడా వెంట వచ్చింది. తన మనవరాలికి ఏం చేస్తున్నారో కళ్లారా చూస్తానంది. షంషాద్ మేడం గుంటల్లో చుక్కలు వేస్తున్నంతసేపు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చూసింది.

రంగు తేలేదాకా ఎదురుచూడాలి. ఆ ఎదురుచూపులో మేడం మెల్లగా అన్నారు, "నాకు అర్థం కానిది ఒకటుంది కోటేశ్వరీ. ఈ మందు మీకే కాదు, ఇంకా చాలా ఇళ్లకు ఇచ్చాం. ఆ పిల్లలు బర్రె పాలూ తాగుతున్నారు, అమ్మ చేతి అన్నమూ తింటున్నారు. ఆ బర్రెల పాలలో ఇంత పసుపు ఎప్పుడూ రాలేదు. మీ కాటుకకు, ఆ కనిగిరి వాళ్ల బర్రెకు మాత్రమే వచ్చింది. మీరు ఇంట్లో వేరేగా ఏమన్నా చేస్తున్నారా?"

"మీరు చెప్పినట్టే చేస్తన్నాం మేడం. పూటకోసారి రాస్తన్నాం."

అత్త కొంగు తీసింది. "ఒట్టి మందుకే చేపుద్దంటమ్మా బర్రె?" అంది, ఇంత చదువుకుని ఇదేం ప్రశ్న అన్నట్టు. "దూడ చచ్చిన బర్రె అది. ఊరికే రాస్తే కాలితో తన్నేది. అందుకని నేను దాని మూతికి పొత్తిగుడ్డ రుద్దేదాన్ని."

"ఏ గుడ్డ?"

"పిల్ల పొత్తిగుడ్డ. తడిపింది. మా చిన్నప్పుడు దూడ చస్తే దాని తోల్లో గడ్డి కుక్కి, కాళ్లకి పుల్లలు పెట్టి బర్రె ముందర నిలబెట్టేవోళ్లు. బర్రె దాన్ని నాక్కుంటా చేపేది. వాసనేగదమ్మా దానికి బిడ్డంటే. ఇప్పుడు తోలుదూడ ఎవురు చేస్తన్నారు? పిల్ల గుడ్డ ఉందిగా అని అదే రుద్దా. ఎంచక్కా నాకి నాకి చేపింది."

మేడం చేతిలో పని ఆపేశారు. "ఆ బర్రె నాకిన గుడ్డలు ఏం చేసేవాళ్లు పెద్దమ్మా?"

"ఏం చేస్తాం, జాడించి ఆరేసి మళ్లా పిల్లకే చుట్టేవాళ్లం."

"సబ్బు పెట్టి ఉతికేవాళ్లా?"

"పసిబిడ్డ గుడ్డకి సబ్బేంది తల్లీ, ఒళ్లు ఒరుసుకుపోదూ? నీళ్లలో జాడించటమే." అత్త మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "ఆ కనిగిరోళ్ల ముసలమ్మ కూడా అట్టాగే చేసుంటది. మా దిక్కున అందరం చేసేదే."

మేడం స్టూలు మీద కూర్చుండిపోయారు. "ఎంగిలి మేమిచ్చాం. వాసన మీరిచ్చారు. బర్రెకు పిల్ల వాసన, పిల్లకు బర్రె వాసన. రెండూ కలిసి..." ఆమె ఎదుటి ప్లేటు వైపు చూశారు. "మీరు గుడ్డలు ఎట్లా వాడతారో మేం ఒక్కసారన్నా అడిగుండాల్సింది."

ప్లేటులో రంగు తేలింది. మా గుంట వెతుక్కోవలసి వచ్చింది.

ఆటోలో ఇంటికి వస్తుంటే అత్త టంగుటూరు దాటాక, "నేనేగదమ్మే దాన్ని బర్రె పాలు చేసింది," అంది. కళ్లు తుడుచుకోలేదు, కారుతుంటే కారనిచ్చింది. ఆమె మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. కోపానికి కూడా కాస్త నిలకడ ఉండాలి. నాలో లేదు. నాకు కాటుక పొదుగు తప్ప ఇంకేమీ కనపడటం లేదు.

*

ఇల్లు చేరేసరికి ఆలోచన నాకూ అత్తకూ ఒకేసారి వచ్చినట్టుంది. నేను పాత నేతచీర చింపుతుంటే ఆమె అడగకుండానే కాటుకను కదలకుండా పట్టుకుంది. మెడ కింద చెమట, పొదుగు మడతల్లో తడి, మూతి చుట్టూ నురగ, అన్నీ ఆ గుడ్డతో తుడిచాను. రొమ్ముకు అడ్డంగా బిగించి కట్టుకున్నాను. కాటుక నన్ను వాసన చూసి, ఒకసారి మోచేయి నాకి, ఇదేందో అన్నట్టు తల విదిల్చింది.

హన్వికను ఎత్తుకున్నాను. అది గట్టిగా ఊపిరి పీల్చింది. రెండు పిడికిళ్లతో ఆ గుడ్డ పట్టుకుని మొహం అందులోకి తోసేసింది. అత్త గిన్నె అందించింది. ఒక ముద్ద. మింగింది. ఇంకొకటి. మింగింది. నా తొందరకు సగం అన్నం నేల పాలైంది.

ఆ తర్వాత ఆ గుడ్డ లేకుండా ఒక్క రోజూ లేను. రోజూ పొద్దున్నే కాటుకను తుడిచి కట్టుకునేదాన్ని. చేతిపంపు దగ్గరికి వెళితే ఎదురింటి వెంకాయమ్మ ముక్కు ఎగబీల్చేది.

"ఏందమ్మే కోటేశ్వరీ, సెంటు మార్చినట్టున్నావే."

"అవునక్కా, మా ఆయన తెచ్చాడు."

"మా ఆయనకి చెప్పమాక. రేపు నాకూ తెస్తాడు."

నవ్వి బిందె ఎత్తుకుని వచ్చేసేదాన్ని. తింటోంది కదా, నవ్వనీ అనుకునేదాన్ని. కాని తిన్నంతసేపూ హన్విక మొహం గుడ్డలోనే ఉండేది. ముద్ద కోసం నోరు పక్కకు తెరిచేది, కళ్లు మూసుకునే. నా చేయి దానికి తెలుసు, నా రొమ్ము మీది వాసన తెలుసు, ఆ పైన ఒక మొహం ఉందని మాత్రం తెలియదు. "హన్వీ" అంటే చెవి కూడా కదిలేది కాదు.

షంషాద్ మేడంకు ఆ గుడ్డ ముక్క ఒకటి ఇచ్చాను. దాన్ని పిండిన నీళ్లు గుంటలో వేశారు. లేతగా పసుపు వచ్చింది. "చెమటలో కూడా ఉంది," అన్నారు. ఆశ్చర్యపోయారు, వెంటనే దిగులుపడ్డారు. ఎందుకో నేను అడగలేదు. పాలలో తగ్గేది చెమటలో మాత్రం ఎట్లా నిలుస్తుంది?

అనుకున్నట్టే అయింది. ఒక పూట కాటుక కింద కూర్చుంటే గిన్నె అడుగు తడిసేటన్ని కూడా రాలేదు. ఆ నాలుగు చుక్కలే సీసాలో పట్టుకుపోయాను. షంషాద్ మేడం ప్లేటు ఎత్తారు. చుట్టూ అందరి గుంటలూ పసుపు, మాది నీళ్లు.

"ఆసుపత్రికి ముందే చెప్పి ఉంచుతాను," అన్నారామె. "గొట్టం వేస్తే ప్రాణానికి భయం లేదు."

"ఎన్నాళ్లుంచుతారు మేడం?"

ఆమె నా చేయి పట్టుకున్నారు.

*

మర్నాడు పొద్దున గుడ్డతో కాటుకను ఎంత తుడిచి కట్టుకున్నా హన్విక దాన్ని పట్టుకోలేదు. వాసన చూసి వదిలేసింది. సీసా వదిలేసింది, జావ వదిలేసింది, వేలితో తేనె నాకిస్తే ఊసేసింది. ఆ రోజంతా అంతే. ఆ మర్నాటికి ఏడుపులో కూడా బలం లేదు. పెదాలు పొక్కులు కట్టాయి. నాలుక మీద తడి లేదు.

మాలకొండయ్య క్యాన్లు దించేసి ఆటో వాకిట్లో పెట్టాడు. "ఎక్కవే. ఒంగోలు పోదాం. ఇంక చూసేది లేదు."

"ఒక్క ముద్ద పెట్టి చూస్తా."

"నిన్నటి నుంచీ అదే మాట అంటన్నావు." అతను పోయి ఇంజను స్టార్టు చేసి సీట్లో కూర్చున్నాడు, మా వైపు చూడకుండా.

నేను అరుగు మీద కూర్చున్నాను, పిల్ల ఒళ్లో, పెరుగన్నం గిన్నె పక్కన. ఎదురుగా పాకలో కాటుక నెమరు వేస్తోంది. హన్విక ఏడ్చింది. ఏడ్చి, ఆపి, పాక వైపు తల తిప్పింది. కాటుక చెవులతో ఈగలు తోలుకుంది. అటుతిరిగి పడుకుంది. దాన్ని తప్పుపట్టను. దాని కడుపులో దాని బిడ్డ ఉంది. మందు పోయింది, మోసం తీరిపోయింది, అది మర్చిపోయింది. మర్చిపోలేనిది నా ఒళ్లో ఉన్నదొక్కటే.

మళ్లీ ఏడ్చింది. మళ్లీ ఆపింది. ఆ ఆపడం నేను భరించలేకపోయాను. పిలుపు వస్తుందని ఊపిరి బిగబట్టి వింటోంది. దానికి పిలుపు రావడం లేదు. ప్రపంచంలో ఇంకెవరూ దాన్ని పిలవడం లేదు.

నేను పెదాలు మూసుకున్నాను. గొంతు అడుగు నుంచి పిలిచాను.

మొదట దగ్గులాగా వచ్చింది. మాలకొండయ్య తల తిప్పాడు. "ఏందే?" అన్నాడు. అత్త వంటింట్లోంచి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. నేను మళ్లీ పిలిచాను. ఈసారి ఇంకా కిందినుంచి, పొట్టలోంచి, నోరు తెరవకుండా, సన్నగా, పొడుగ్గా. ముక్కు ఎముక అదిరింది. పళ్లు అదిరాయి.

హన్విక తల తిరిగింది.

పాక వైపు చూసింది. అక్కడినుంచి కాదు. ఆటో వైపు చూసింది. అక్కడినుంచీ కాదు. నేను ఊపిరి తీసుకుని మళ్లీ పిలిచాను. అది మెల్లగా మెడ ఎత్తి పైకి చూసింది. నోరు కొంచెం తెరుచుకుంది. ముద్ద పెట్టాను. నాలుక మీద అట్లాగే ఉంచుకుంది. పిలవడం ఆపితే ఊసేస్తుందని ఆపలేదు. ఊపిరందక కళ్లు తిరుగుతున్నాయి. దాని గొంతు కదిలింది. ముద్ద దిగింది.

ఇంకొకటి పెట్టాను. తింటూనే అది చేయి చాపింది. పెరుగు అంటిన వేళ్లు నా చుబుకం తడిమి, కిందికి జారి, అదురుతున్న చోట గొంతు మీద ఆగాయి. అక్కడ గట్టిగా నొక్కి పట్టుకుని, కళ్లెత్తి, నా కళ్లలోకి చూసింది. ఈవిడెవరా అని చూసినట్టు, కనుబొమలు ముడిచి మరీ చూసింది.

మాలకొండయ్య ఇంజను ఆపేశాడు. ఆ చప్పుడు ఆగేసరికి నా గొంతు వాకిలంతా వినపడింది. గోడ అవతల వెంకాయమ్మ వాళ్లింట్లో ఎవరో నవ్వారు. అత్త వచ్చి గిన్నెలో ఇంకాస్త పెరుగు పోసి, పక్కనే చతికిలబడి కూర్చుంది.

నేను ఇంకో ముద్ద కలిపాను.